రోడ్డు పక్క నిద్రగన్నేరు, దాన్ని తీసేయమని వచ్చిన అర్జీ: ఒక కేస్ స్టడీ

చెట్ల పరిశీలన నా వృత్తి. ఏ చెట్టు నిలబడుతుంది, ఏది పడే ప్రమాదముంది, ఏ కొమ్మ తీయాలి, ఏది ముట్టుకోకూడదు అని చూసి రిపోర్టు రాసిస్తాను. హైదరాబాద్‌లో నా దగ్గరికి వచ్చే కేసుల్లో చాలావరకు ఒకే తీరు: రోడ్డు పక్కనున్న సర్కారు చెట్టును తీసేయమని ఆ ఇంటివాళ్లు పెట్టుకున్న అర్జీ. వాటిలో ఈ ఒక్కదాన్ని వివరంగా రాయడానికి కారణముంది. అర్జీలో రాసిన భయం ఒకటి, ఇంట్లోవాళ్లు నిజంగా పడుతున్న బాధ ఇంకొకటి, చెట్టులో ఉన్న అసలు లోపం మరొకటి. ఈ మూడింటినీ విడదీసేదాకా ఎవరు తీసుకున్న నిర్ణయమూ నిలబడలేదు. మనుషులను, వీధిని గుర్తుపట్టగలిగే వివరాలు తీసేశాను. కొలతలు, పని జరిగిన వరస మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను.

నేపథ్యం

నగరానికి పడమటి వైపు, 1980ల్లో ప్లాట్లు వేసి అమ్మిన కాలనీ. 30 అడుగుల రోడ్డు, రెండు పక్కలా ఒకటి రెండంతస్తుల ఇళ్లు, మధ్యమధ్యలో కొత్త అపార్ట్‌మెంట్లు. అప్పట్లో నాటిన కొండచింతలు, తురాయిలు చాలావరకు ఎండాకాలం గాలివానలకు పోయాయి. ఈ వీధిలో మిగిలిన పెద్ద చెట్టు ఒక నిద్రగన్నేరు. ఛాతీ ఎత్తులో చుట్టుకొలత 2.8 మీటర్లు, అంటే కాండం అడ్డం దాదాపు 90 సెంటీమీటర్లు. ఎత్తు 14 మీటర్ల దాకా ఉంటుంది. ఇంటి ప్రహరీకి, కాండానికి మధ్య దూరం 1.2 మీటర్లే. వెలుతురు కోసం చెట్టు మొదటినుంచీ రోడ్డు వైపే పెరిగింది. కాండం అటే వాలి ఉంది, కొమ్మల బరువూ ఎక్కువగా అటే ఉంది. ఆ వైపే 11 కేవీ కరెంటు లైను పోతుంది.

హైదరాబాద్ నేల సంగతి తెలియకపోతే ఇక్కడి వేళ్ల సంగతి అర్థం కాదు. చాలాచోట్ల పైన ఎర్రమట్టి, దాని కింద మొరం, ఇంకా కిందికి పోతే గ్రానైటు. కొన్ని వీధుల్లో మీటరు లోతుకే రాయి తగులుతుంది. అలాంటి చోట వేరు కిందికి దిగలేక పక్కకు పాకుతుంది. దానికి తోడు సీసీ రోడ్డు వేసేటప్పుడు కాండం అంచు దాకా కాంక్రీటు పోసేస్తారు. 2013లో ఢిల్లీ చెట్ల విషయంలో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెట్టు చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తీసేయాలని ఆదేశించింది. మన వీధుల్లో ఆ మీటరు మట్టి దొరికిన చెట్లు తక్కువ. ఈ నిద్రగన్నేరుకు రోడ్డు వైపు జానెడు మట్టి కూడా లేదు. మట్టి మిగిలింది గోడ వైపే కాబట్టి లావు వేళ్లన్నీ అటే పోయాయి.

చట్టం మాట ఒకటి ముందే చెప్పాలి. రోడ్డు పక్క చెట్టు కార్పొరేషన్‌ది. మన గేటు ముందున్నా, మన తాతగారే నాటినా అది మనది కాదు. పైగా 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, అదే వాల్టా ప్రకారం కొట్టడానికి ముందుగా అనుమతి తీసుకోవాలి. అనుమతి లేకుండా కొడితే ఏమవుతుందో నగరం 2021 ఫిబ్రవరిలో చూసింది. సైదాబాద్‌లో 40 ఏళ్ల వేపచెట్టును కొట్టేసిన వ్యక్తికి అటవీశాఖ రూ. 62,075 జరిమానా వేసింది. ఫిర్యాదు చేసింది ఎనిమిదో తరగతి చదివే పిల్లవాడు. ఈ కేసులో అర్జీదారుకు ఆ సంగతి బాగా తెలుసు. అందుకే ఆయన పద్ధతి ప్రకారం అర్జీ పెట్టుకున్నారు. ఆ గౌరవం ఆయనకు దక్కాలి.

అర్జీలో ఏముంది

అర్జీదారు డెబ్బై దాటిన పెద్దాయన, రిటైర్డ్ ఉద్యోగి. కింది పోర్షన్‌లో ఆయన, ఆయన భార్య ఉంటారు, పై పోర్షన్ అద్దెకిచ్చారు. అర్జీ ఒకే పేజీ. చెట్టు ఎప్పుడైనా ఇంటి మీద పడొచ్చనీ, కొమ్మలు విరిగి పడుతున్నాయనీ, వేళ్లు ప్రహరీని పగలగొట్టాయనీ, ప్రాణాపాయం ఉంది కాబట్టి వెంటనే తొలగించాలనీ రాశారు.

దానికి ఒక ఆఫీసు నుంచి వచ్చిన జవాబు ఒకటే వాక్యం: చెట్టు ఆరోగ్యంగా ఉంది కాబట్టి తొలగించడం కుదరదు. ఆ వాక్యంలో అబద్ధమేమీ లేదు. ఆకు పచ్చగా ఉంది, చిగురు బాగుంది. అయినా ఆ జవాబు పెద్దాయన అడిగిన ఒక్క ప్రశ్నకూ సమాధానం కాదు. ఆరోగ్యంగా ఉన్న చెట్టు కూడా పడుతుంది. ఆకు పచ్చగా ఉండటం చెట్టుకు తిండి అందుతోందనే చెబుతుంది, వేరు పట్టు గురించి ఏమీ చెప్పదు.

ఆ తరువాత కొన్నాళ్లకు, నేల నుంచి అడుగు ఎత్తులో బెరడును ఎవరో పట్టీలా చెక్కేశారని ఎదురింటివాళ్లు గమనించారు. చుట్టుకొలతలో మూడోవంతు దాకా పోయింది. ఆకుల్లో తయారైన ఆహారం బెరడు లోపలి పొరగుండానే వేళ్లకు దిగుతుంది. ఆ పట్టీ చుట్టూ పూర్తయి ఉంటే వేళ్లు తిండి లేక మాడి, చెట్టు నెమ్మదిగా చచ్చేది. అందరూ చీడ పట్టిందనుకునేవాళ్లు. ఎదురింటివాళ్లు ఫొటోలు తీసి, సంతకాలు పెట్టించి, చెట్టును కాపాడమని వేరే అర్జీ ఇచ్చారు. ఇలా రెండు అర్జీలు ఎదురెదురుగా నిలబడ్డాక నన్ను పరిశీలనకు పిలిచారు.

మొదటి నిర్ణయం ఆ బెరడు గురించే. ఎవరు చెక్కారో నాకు తెలియదు, కనుక్కోవడం నా పనీ కాదు. గాయం కొలతలు, ఎత్తు, పనిముట్టు గుర్తులు, తేదీ వేసిన ఫొటోలు రిపోర్టులో పెట్టాను. ఎవరి పేరూ రాయలేదు, ఎవరి మీదా అనుమానం రాయలేదు. కాగితం మీద లేకపోతే రేపు చెట్టు ఎండినప్పుడు అది సహజంగా పోయినట్టే లెక్క. పేరు రాస్తే ఆ రోజు నుంచి ఆ ఇంటి తలుపు నాకు మూసుకుపోయేది, లోపలి సమస్య చూసే దారి ఉండేది కాదు. గాయం అంచులు శుభ్రంగా చెక్కి వదిలేశాను. మిగిలిన రెండు వంతుల బెరడు చాలు, నిద్రగన్నేరు మొండి చెట్టు.

ఇంట్లోకి వెళ్లాక

పెద్దాయన కోపంగానే మాట్లాడారు. "చెట్టు మీది, కష్టం మాది. మీరొచ్చి ఆకులు చూసి పోతరు, వానొస్తే మా ఇంట్లకొచ్చి చూడుండ్రి." ఆ మాట దగ్గర ఆగి, వానొస్తే ఏమవుతుందని అడిగాను. ఆయన జవాబు చెప్పలేదు. లోపలి నుంచి ఆయన భార్య చెప్పారు. గట్టి వాన పడ్డ ప్రతిసారీ కింది బాత్రూమ్‌లో మోరీ నీళ్లు పైకి తన్నుతాయట. ఆమెకు మోకాళ్ల ఆపరేషన్ అయింది, పైకి ఎక్కలేరు. వాన రాత్రుళ్లు ఇద్దరూ బకెట్లతో నీళ్లు ఎత్తిపోసుకుంటూ గడుపుతారు. ప్లంబర్ వచ్చి ఛాంబర్ తెరిచి, లోపలి నుంచి వేళ్లు లాగి చూపించి, చెట్టున్నంత కాలం ఇది తప్పదని చెప్పి వెళ్లాడు.

ఆయన కోపం ఎక్కడి నుంచి పుట్టిందో అక్కడ తెలిసింది. మరి అర్జీలో ఈ విషయం ఒక్క ముక్క కూడా ఎందుకు లేదు? మోరీ గొడవ చెట్ల విభాగం వినదని, ప్రాణాపాయం అంటేనే ఫైలు కదులుతుందని ఎవరో సలహా ఇచ్చారట. ఇలా జరగడం మామూలే. ఆఫీసు ఏ మాట వింటుందో ఆ మాటే జనం రాస్తారు. అందుకే అర్జీ చదివి ఊరుకోకుండా ఇంటివాళ్లతో కూర్చుని, వాళ్లకు ఏ రోజు, ఏ వేళలో, ఇంట్లో ఎక్కడ ఇబ్బంది అవుతోందో అడుగుతాను.

ఛాంబర్ తెరిపించాను. లోపల సన్నటి తెల్లవేళ్లు కొబ్బరిపీచు మూటలా పేరుకుని ఉన్నాయి. బయటికి లాగితే చేతి పొడవు వచ్చింది, దానికి జుట్టు, సబ్బు జిడ్డు అంటుకుని ఉన్నాయి. ఎవరు చూసినా తప్పు చెట్టుదే అంటారు. కానీ పగలని, అతుకు ఊడని పైపులోకి వేరు దారి చేసుకుని దూరడం చాలా అరుదు. వేరుకు లోపల నీళ్లున్నాయని తెలియాలంటే ముందు ఆ తడి బయటికి కారాలి. ఈ కాలనీలో అప్పటి పైపులు రాతిపింగాణీవి, అతుకుల్లో సిమెంటు కూరేవాళ్లు. నలభై ఏళ్లకు ఆ సిమెంటు పగులుతుంది, అక్కడ తడి ఊరుతుంది, వేరు ఆ తడికి వస్తుంది. గోడ పక్కన గడ్డపారతో కొంచెం తవ్వించి చూస్తే అతుకు చుట్టూ మట్టి నల్లబడి, వాసన కొడుతోంది. ఒక్క అడుగు పక్కన మాత్రం మామూలు ఎర్రమట్టే.

వేళ్లు పైపులోకి వచ్చాయన్నది నిజమే. నీళ్లు వెనక్కి తన్నడానికి అవే కారణమా అన్నది వేరే ప్రశ్న, అది తేల్చకుండా చెట్టు మీద ఒక్క మాట కూడా రాయనన్నాను. చెట్టు కొట్టాక కూడా నీళ్లు తన్నితే ఆ ఇంటికి చెట్టూ పోయి, మోరీ బాధా మిగులుతుంది. అందుకే పైపులోకి కెమెరా దింపే మనిషిని పిలిపించాం. మూడు విషయాలు కనిపించాయి. ఛాంబర్ అతుకు దగ్గర వేళ్లు. అక్కడి నుంచి రోడ్డు వైపు వెళ్తే, గేటు ర్యాంపు కింద పైపు మధ్యలో కుంగి పొట్టలా జారింది, అందులో నీళ్లు, బురద నిలిచి ఉన్నాయి. ర్యాంపు చెట్టుకు దూరంగా ఉంది, అక్కడ వేళ్లే లేవు. దాని మీద కార్లు ఎక్కిదిగీ ఎక్కిదిగీ కింద మట్టి అణిగింది. మూడోది అన్నిటికంటే పెద్దది. రోడ్డు మీద పొర మీద పొర వేసుకుంటూ పోగా, మ్యాన్‌హోల్ మూత ఇప్పుడు ఇంటి బాత్రూమ్ ఫ్లోర్ కంటే ఎత్తులో ఉంది. వాన నీళ్లు మురుగు లైన్లోకి చేరి మ్యాన్‌హోల్ నిండితే, ఆ నీళ్లు మూతదాకా లేవకముందే తక్కువ ఎత్తులో ఉన్న బాత్రూమ్‌లోంచి బయటికి వస్తాయి. చెట్టు లేని వీధుల్లోనూ ఇదే జరుగుతోంది, వెళ్లి చూస్తే తెలుస్తుంది.

గోడ పగుళ్లు కూడా రెండు రకాలని తేలింది. చెట్టుకు ఎదురుగా ఉన్న పగులు పైన వెడల్పుగా, కిందికి వచ్చేసరికి సన్నగా ఉంది. కింద నుంచి ఏదైనా ఎత్తితే గోడ పైన తెరుచుకుంటుంది. అది వేరు పనే, సందేహం లేదు. గేటు దగ్గరి పగులు తలకిందులుగా ఉంది, కింద వెడల్పు, పైన సన్నం. అక్కడ గోడ కుంగింది. కారుతున్న పైపు సరిగ్గా ఆ గోడ కిందుగానే పోతుంది. పెద్దాయనకు రెండు పగుళ్ల దగ్గరా స్కేలు పెట్టి చూపించాను. ఆయన కాసేపు చూసి, గేటు పక్క పగులు కొత్తదని, ర్యాంపు వేయించాకే వచ్చిందని తనంతట తానే అన్నారు.

చెట్టును చూడటం

చెట్టుకు లోపం లేదని నేననలేదు. లోపముంది, కాకపోతే అర్జీలో రాసినది కాదు. కాండం చుట్టూ కొయ్య సుత్తితో కొట్టుకుంటూ వెళ్తే శబ్దం అంతటా గట్టిగానే వచ్చింది. కాండం మొదలు దగ్గర కుక్కగొడుగుల్లాంటివేవీ లేవు, గోడ వైపు నేల పైకి లేవలేదు, పగుళ్లివ్వలేదు. పాత గాయం ఒక్కటి దగ్గర మాత్రం సన్న ఇనుప చువ్వ కొద్దిగా లోపలికి దిగింది, పుచ్చు అక్కడే ఆగింది. వేరు పట్టు, కాండం రెండూ బాగున్నాయి.

బాగాలేనిది పైన. కరెంటు తీగల కోసం కొమ్మలు కొట్టేవాళ్లు ఏటా వానాకాలానికి ముందు వచ్చి, తీగకు తగిలిన కొమ్మను తగిలినచోటే అడ్డంగా నరికి పోయారు. లావు కొమ్మను మధ్యలో మొద్దులా వదిలేస్తే చెట్టు దాని చుట్టూ గుత్తిగా చిగుళ్లు వేస్తుంది. ఆ చిగుళ్లు రెండు మూడేళ్లలో మణికట్టు లావవుతాయి, కానీ వాటి మొదళ్లు పాత కొయ్యలోకి దిగి ఉండవు, పైపొరకు అంటుకుని ఉంటాయంతే. అడుగున మొద్దు పుచ్చుతూ ఉంటుంది. ఎండాకాలం సాయంత్రం గాలి లేస్తే విరిగేవి ఇవే. కొమ్మలు విరిగి పడుతున్నాయని పెద్దాయన రాసినది అక్షరాలా నిజం. వాటిని అలా తయారుచేసింది ఆ కొట్టుడే.

చేసినవి, కుదరనివి

మా పరిశీలన కంటే ముందే ప్లంబర్ ఛాంబర్‌లో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) పోయించాడు. లోపలి వేళ్లు మాడాయి, వాన వెలిసేసరికి మళ్లీ వచ్చాయి. కారే అతుకు అలాగే ఉంటే ఎన్నిసార్లు పోసినా అంతే.

కాలనీ అసోసియేషన్ పెట్టిన మొదటి మీటింగ్ చెట్టు కిందే జరిగింది, ఏమీ తేలకుండా ముగిసింది. అందరూ మాట్లాడింది చెట్టు ఉండాలా పోవాలా అన్న ఒక్క విషయమే. ఎదురింటివాళ్లు, రోడ్డు వెడల్పు కోసం కొట్టేయబోయిన చేవెళ్ల మర్రిచెట్ల మాట ఎత్తారు, వాటి కోసం జనం ఎలా నిలబడ్డారో చెప్పారు. పెద్దాయన తన భార్య మోకాళ్ల సంగతి చెప్పుకోలేక, చెట్టు పడి మనిషి చస్తే బాధ్యత ఎవరిదని అరిచారు. చెట్టు కింద ఇస్త్రీ బండి పెట్టుకున్నామె తనను తీసేస్తారేమోనని టెన్షన్‌తో ఒక పక్కన నిలబడి ఉంది. అలాంటి మీటింగ్‌లో ఎవరి కష్టమూ బయటికి రాదు.

చెట్టును పెకలించి వేరేచోట నాటొచ్చు కదా అని ఒకరన్నారు. ఈ నగరంలో ఫ్లైఓవర్ల పనుల్లో చెట్లను అలా మార్చారు, కొన్ని బతికాయి. 90 సెంటీమీటర్ల కాండానికి సరిపడా వేరుగడ్డను తవ్వాలంటే గోడ, ర్యాంపు, మురుగు లైను, సగం రోడ్డు లేపాలి. పైన 11 కేవీ లైను ఉండగా క్రేన్ చెయ్యి ఎత్తే జాగా లేదు. ఆ మాట అక్కడితో ఆగింది.

అందరికీ మధ్యేమార్గంలా కనిపించిన సలహాయే అన్నిటికంటే ప్రమాదకరమైనది. "చెట్టు కొట్టకుంటే పోనీ, మా దిక్కున్న ఏర్లన్నా కొట్టిపియ్యుండ్రి" అన్నారు పెద్దాయన. ఎదురింటివాళ్లు కూడా సరేనన్నారు. గోడ వెంట కాలువలా తవ్వి, వేళ్లు కోసి, మందపాటి ప్లాస్టిక్ షీటు దింపితే సరిపోతుందని ఒక కాంట్రాక్టర్ ఎస్టిమేట్ కూడా ఇచ్చాడు. దీనికి ఎందుకు ఒప్పుకోలేదో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే కాలనీల్లో ఇదే ఎక్కువగా జరుగుతుంది.

చెట్టు నిలబడటానికి ఆనుకునే లావు వేళ్లు కాండం అడ్డానికి మూడు నుంచి ఐదు రెట్ల దూరంలోపే ఉంటాయి. ఈ చెట్టుకు అది 2.7 నుంచి 4.5 మీటర్లు. గోడ ఉన్నది 1.2 మీటర్లలో. అక్కడ కాలువ తీయడమంటే ఆ వైపు లావు వేళ్లన్నిటినీ తెంపడమే. పైగా ఈ చెట్టు రోడ్డు వైపు వాలి ఉంది. వాలిన చెట్టును వెనక నుంచి పట్టి ఉంచేది ఎదుటి వైపు వేళ్లు, అంటే గోడ వైపువే. రోడ్డు వైపు కాంక్రీటు కింద వేళ్లు అసలే పలచన. గోడ వైపు వేళ్లు తెంపిన చెట్టు ఆ రోజు పడదు. పచ్చగా, మునుపటిలాగే కనిపిస్తుంది. తరువాతి మే నెల గాలివానకు వేళ్లతో సహా లేచి, కరెంటు లైను మీదుగా రోడ్డు మీద పడుతుంది. గాలివాన తరువాత పడిపోయిన చెట్ల మొదళ్లను చూడటం నాకు అలవాటు. ఒక పక్క వేళ్లు గీత గీసినట్టు నరికి ఉండటం వాటిలో చాలాసార్లు చూశాను. అందుకే రిపోర్టులో సూటిగా రాశాను: వేళ్లు కోయడమే చేయాల్సివస్తే దానికి బదులు చెట్టునే తీసేయండి, అది దానికంటే సురక్షితం. పెద్దాయన ఆ వాక్యం చదివి నా మీద మొదటిసారి నమ్మకం పెట్టుకున్నారనుకుంటాను. చెట్టును ఎలాగైనా నిలపాలని రాసే మనిషి ఆ వాక్యం రాయడు.

ఫలించినది

రెండో మీటింగ్‌లో చెట్టు సంగతి పక్కన పెట్టి బాత్రూమ్, గోడ, కొమ్మలు అని మూడు పనులు విడివిడిగా చర్చకు పెట్టాం. కెమెరా వీడియో అందరికీ చూపించాం. పెద్దాయన ముందే ఒప్పుకున్నారు కాబట్టి ఇంట్లో సంగతి కూడా చెప్పాం. ఎదురింటివాళ్లకు అది అప్పుడే తెలిసింది. గొంతులు తగ్గాయి.

మొదట మురుగు పని. కావాలనే దీన్ని ముందు పెట్టాను. చెట్టుకు సంబంధించిన ఏ పని ముందు చేసినా, మళ్లీ మీ చెట్టే ముఖ్యం అయింది కదా అని ఆ ఇంటివాళ్లు అనుకునేవాళ్లు. పాత లైను వదిలేసి, గేటుకు అవతలి పక్క నుంచి, లావు వేళ్లకు దూరంగా కొత్త పీవీసీ పైపు వేశారు. ర్యాంపు కింద పైపు చుట్టూ కాంక్రీటు పోశారు, వాలు వందకు ఒకటికి తగ్గకుండా చూసుకున్నారు. ఛాంబర్‌లో నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టారు, రోడ్డు మ్యాన్‌హోల్ నిండినా నీళ్లు ఇంట్లోకి రావు. రోడ్డు మ్యాన్‌హోల్‌కు కలిపే పని, నగరంలో నీళ్లు, మురుగు లైన్లు చూసే జలమండలి అనుమతితో జరిగింది. పాత పైపుకు రెండు చివరలా సిమెంటుతో మూత వేయించాం. తడి అందడం ఆగితే అక్కడి వేళ్లకు ఇక పని ఉండదు.

తరువాత కొమ్మలు. ఫిబ్రవరి, మార్చిలో నిద్రగన్నేరు ఆకు రాలుస్తుంది, కొమ్మల అల్లిక అప్పుడు తేటగా కనిపిస్తుంది, గాలివానలు ఇంకా మొదలుకావు. లైన్‌మన్ ఎల్సీ, అంటే లైను ఆపేందుకు అనుమతి, తీసుకుని కరెంటు ఆపాకే మనుషులు ఎక్కారు. మొద్దుల మీది గుత్తులను ఒక్కో బలమైన కొమ్మకు తగ్గించాం. రోడ్డు వైపు పొడుగు కొమ్మల్ని మధ్యలో నరకకుండా, తీసే కొమ్మ లావులో కనీసం మూడోవంతు ఉన్న పక్కకొమ్మ దగ్గరికి కుదించాం. ప్రతి కోత కొమ్మ మొదట్లో ఉబ్బుగా ఉండే ఉంగరానికి ఆనుకుని, దాన్ని గాయపరచకుండా వేశాం. ఆ ఉంగరంలోనే గాయం మూసుకునే శక్తి ఉంటుంది. మొత్తం ఆకులో నాలుగోవంతు మించి తీయలేదు. కోతలకు తారు పూస్తానని ఒకాయన డబ్బా తెచ్చాడు, వద్దన్నాం. తారు కింద తడి నిలిచి పుచ్చు పెరుగుతుంది. పనివాళ్లకు పట్టుబట్టి మూడు కోతల పద్ధతి చేయించాం: కింద నుంచి ఒక గాటు, కొంచెం అవతల పైనుంచి రెండోది, బరువు పోయాక మొదట్లో మూడోది. లేకపోతే కొమ్మ తన బరువుకు బెరడును కాండం దాకా చీల్చుకుపోతుంది.

గోడ దగ్గర ఎక్కువ వాదన జరిగింది. వేరు ఎత్తిన చోట మూడు మీటర్ల గోడ తీసేసి, వేరుకు అటూ ఇటూ రెండు పిల్లర్లు లేపి, వాటి మీద బీము వేసి, బీము మీద గోడ కట్టాలని చెప్పాను. బీముకు, వేరుకు మధ్య జానెడు ఖాళీ ఉండాలి, వేరు లావయ్యేందుకు. పిల్లర్ గుంటలు యంత్రంతో కాకుండా చేత్తో తవ్వాలి, లావు వేరు తగిలితే గుంట పక్కకు జరపాలి. మేస్త్రీకి మొదట నచ్చలేదు, నేల మీద ఆనని గోడ గోడే కాదన్నాడు. బీము స్టీలు లెక్క చూశాక ఒప్పుకున్నాడు.

దానికి డబ్బెవరు పెట్టాలి? పెద్దాయన అడిగింది న్యాయమైన ప్రశ్న: చెట్టు కార్పొరేషన్‌దైతే, అది పగలగొట్టిన గోడ నేనెందుకు కట్టుకోవాలి? సొంత గోడల మరమ్మతుకు చెట్ల పద్దులో డబ్బు ఉండదని ఆఫీసులో చెప్పారు. ర్యాంపు, పైపు ఖర్చు తనదేనని ఆయన ఒప్పుకున్నారు, అవి ఆయనవే. కానీ వేరు ఎత్తిన గోడ మాట వేరు. ఈ ఒక్క విషయంలో నా పరిధి దాటి మాట్లాడాను. ఆ నీడ వీధి మొత్తానికి పడుతోంది, ఇస్త్రీ బండికి, ఆటోలకు, ఎదురింటి కార్లకు, మధ్యాహ్నం బడి నుంచి నడిచొచ్చే పిల్లలకు. దాని నష్టం మాత్రం ఒక్క ఇంటి మీద పడుతోంది. చెట్టు ఉండాలని సంతకం పెట్టినవాళ్లు గోడ ఖర్చులో కొంత భరించాలని అన్నాను. కొందరు మొహం చాటేశారు. ఎదురింటాయన మాత్రం అక్కడే ఒప్పుకున్నారు, ఆయన వెనక ఇంకొన్ని ఇళ్లు కలిశాయి. అసోసియేషన్ కొంత వేసింది. గోడ లేచింది. కాండం చుట్టూ మీటరు మేర కాంక్రీటు పగలగొట్టి తీసే పని కార్పొరేషన్ చేసింది.

ఇప్పుడు ఎలా ఉంది

ఆ వానాకాలం ఇంట్లోకి మురుగు రాలేదు. రోడ్డు మీద మ్యాన్‌హోల్ పొంగిన రోజు కూడా వాల్వ్ పట్టింది. ఏడాదికోసారి దాన్ని తెరిచి కడగాలి, లేకపోతే చెత్త ఇరుక్కుని తెరుచుకునే ఉండిపోతుంది. ఆ సంగతి ఇంట్లో పెద్దావిడకు చెప్పి, వానాకాలానికి ముందే గుర్తుపెట్టుకోమన్నాను. చెక్కిన బెరడు అంచుల్లో కొత్త కణజాలం గుండ్రంగా ఉబ్బి లోపలికి పాకుతోంది. మే నెలలో ఒక కొమ్మ విరిగింది, మేం తీయకుండా వదిలిన గుత్తిలోది. సన్నదే, ఎవరి మీదా పడలేదు.

అన్నీ తీరలేదు. కాయల జిగురు కార్ల మీద పడుతూనే ఉంది, ఆకు రాలే కాలంలో ముంగిలి ఊడ్చి ఊడ్చి విసుగొస్తోందని ఇంటివాళ్లు ఇప్పటికీ అంటారు. దానికి నా దగ్గర మందు లేదు, ఉందని చెప్పలేదు కూడా. చెట్టు పోతేనే మంచిదని పెద్దాయన ఇప్పటికీ అంటారు. ఆయన అర్జీ మాత్రం వెనక్కి తీసుకున్నారు.

ఇలాంటి కేసులో తొలగింపుకు ఒప్పుకోను అని రాసేటప్పుడు, ఎప్పుడు ఒప్పుకుంటానో కూడా అదే కాగితంలో రాయడం నా అలవాటు. అది ఇంటివాళ్ల హక్కని నమ్ముతాను. ఈ చెట్టుకు రాసినవి: గోడ వైపు నేల లేవడం లేదా పగలడం, కాండం మొదలు దగ్గర కుక్కగొడుగులు పుట్టడం, వాలు పెరగడం, కాండం బోలుపడి మిగిలిన గట్టి కొయ్య మందం వ్యాసార్ధంలో 30 శాతం కంటే తగ్గడం. వీటిలో ఏది కనిపించినా వెంటనే మళ్లీ పరిశీలించాలి, ప్రమాదం తేలితే తొలగింపుకు నేనే సిఫార్సు చేస్తాను. వాలు కొలవడానికి కాండం మీద గుర్తు పెట్టి, గోడ నుంచి దాని దూరం రాసి ఇచ్చాను. పెద్దాయన టేపుతో తానే కొలుచుకుంటున్నారు.

ఇప్పుడు నా ఆందోళన ఆ ఇంటి గురించి కాదు, రోడ్డు తవ్వే పనుల గురించి. వీధిలో కొత్త కేబుల్ వేస్తారని అసోసియేషన్‌కు కబురొచ్చింది, గీసిన గీత సరిగ్గా గోడకు, చెట్టుకు మధ్య నుంచి పోతోంది. మనం వద్దన్న కాలువ ఆ రూపంలో వస్తుంది. ఫైలులో చివరి షరతుగా ఒకటి చేర్చాం: కాండానికి నాలుగున్నర మీటర్ల లోపు ఏ తవ్వకమైనా అసోసియేషన్‌కు, వార్డు ఆఫీసుకు ముందే తెలపాలి, గోడ వైపు కాకుండా ఎదురు పక్క నుంచి పోవాలి, అది కుదరకపోతే చేత్తో తవ్వి వేళ్ల కిందుగా పైపు దూర్చాలి. ఆ కాగితం ఒక కాపీ ఇస్త్రీ బండి ఆమెకు కూడా ఇచ్చాం. పొద్దున్నుంచి రాత్రి దాకా అక్కడ ఉండేది ఆమే. గడ్డపార దిగితే ఎవరికి ఫోన్ చేయాలో ఆమెకు తెలుసు.